కొన్నవాణ్ణి అడగండి

1898 ఆగస్టులో ఒక మనిషి క్లీవ్‌లాండ్‌లో కొత్త కారు కొనుక్కుని ఇంటికి బయలుదేరాడు. అరవై మైళ్లయినా లేని దారి. ఓహాయో పల్లెల మధ్య మట్టిరోడ్డు. కారు కాసేపు నడిచింది, ఆగింది. దిగి బాగుచేసుకున్నాడు. మళ్లీ నడిచింది, మళ్లీ ఆగింది. చివరికి ఎవరివో గుర్రాలు కట్టి లాగిస్తే తప్ప వారెన్ ఊరు చేరలేదు. గుర్రాలతో పనిలేని బండి అని చెప్పి వెయ్యి డాలర్లకు అమ్మిన బండి, గుర్రాల వెనకాలే ఊళ్లోకి వచ్చింది.

ఆ మనిషి పేరు జేమ్స్ వార్డ్ ప్యాకార్డ్. లీహై విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, అన్న విలియం డౌడ్‌తో కలిసి వారెన్‌లో కరెంటు దీపాల ఫ్యాక్టరీ నడుపుతున్నాడు. ఏ యంత్రమైనా సరిగా పనిచేయకపోతే నిద్రపట్టని రకం. ఆ కారు తయారుచేసినవాడు అలెగ్జాండర్ వింటన్. స్కాట్లాండ్ నుంచి వలస వచ్చి, సైకిళ్లు చేసి, కార్లలోకి దిగినవాడు, ముక్కుమీదే కోపం. ప్యాకార్డ్ అతని దగ్గరకు వెళ్లి ఎక్కడెక్కడ ఏం మార్చాలో చెప్పాడు. అంత తెలిసినవాడివైతే నువ్వే ఒకటి చేసుకోరాదూ అని వింటన్ విసుక్కున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ప్యాకార్డ్ చేసుకున్నాడు. వింటన్ దగ్గర పనిచేస్తున్న విలియం హాచర్‌నీ, అదే కంపెనీలో వాటాలున్న జార్జ్ వైస్‌నీ తనవైపు తెచ్చుకున్నాడు. 1899 నవంబరు 6న వారెన్ వీధుల్లోకి మొదటి ప్యాకార్డ్ కారు వచ్చింది. ఒకే సిలిండరు. తిప్పడానికి చక్రం లేదు, పడవ చుక్కాని లాంటి ఒక కర్ర. మనిషి కూర్చుంటే కదిలేది, ఇంటికి తిరిగి చేర్చేది. అతనికి కావలసిందీ అదే.

ఒక కొనుగోలుదారుడి ఫిర్యాదులో పుట్టిన కంపెనీ ఇది. ఈ సంగతి గుర్తుంచుకుని మిగతా కథ వినాలి.

కంపెనీ మొదలైన కొత్తలో ఎవరో ఉత్తరం రాశారట, మీ కార్ల వివరాలున్న పుస్తకం పంపండి అని. అచ్చువేసిన పుస్తకమేమీ లేదు. ఏం జవాబు రాయమంటారని గుమస్తా అడిగితే, మన కారు కొన్నవాణ్ణి అడగమని రాయి అన్నాడట ప్యాకార్డ్. 1901 నుంచి ఆ మాటే ప్రకటన అయింది: కొన్నవాణ్ణి అడగండి. తర్వాత యాభై ఏళ్లకు పైగా అదే. అమెరికాలో ఎన్నో కంపెనీలు ఎన్నో నినాదాలు రాయించుకున్నాయి. ఇంత ధైర్యమైనది నాకు తెలిసి మరొకటి లేదు. ఎందుకంటే ఇందులో కంపెనీ తన గురించి తాను ఒక్క ముక్క చెప్పుకోలేదు. పరువంతా తీసుకెళ్లి పక్కింటివాడి నోట్లో పెట్టింది.

డెట్రాయిట్‌కు దీన్ని తీసుకెళ్లినవాడు హెన్రీ జాయ్. రైల్వే డబ్బున్న కుటుంబం. న్యూయార్క్‌లో ఒకనాడు అగ్నిమాపక బండి గంట కొట్టుకుంటూ పోతుంటే, రోడ్డు పక్కన నిలిచిన రెండు ప్యాకార్డులు ఒక్క తిప్పుకే స్టార్టయి దాని వెంట దూసుకుపోవడం చూసి ముచ్చటపడ్డాడని కథ. స్నేహితుల చేత డబ్బు పెట్టించి 1903లో కంపెనీని డెట్రాయిట్‌కు తరలించాడు. జేమ్స్ ప్యాకార్డ్ వారెన్‌లోనే ఉండిపోయాడు. పేరు ఊరు విడిచి వెళ్లింది, పేరుగలవాడు వెళ్లలేదు. కొన్నాళ్లు కంపెనీ అధ్యక్ష పదవి అతనికే ఉన్నా, పగ్గాలు జాయ్ చేతిలోకి వెళ్లిపోయాయి.

ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్ మీద ఫ్యాక్టరీ కట్టే పని ఆల్బర్ట్ కాన్ అనే యువ వాస్తుశిల్పికి అప్పగించారు. మొదటి భవనాలన్నీ ఆనాటి పద్ధతిలోనే లేచాయి. 1905లో కట్టిన పదో నంబరు భవనంలో మాత్రం కాన్ ఇనుప కడ్డీలతో కాంక్రీటు పోయించాడు. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం పెరిగింది, గోడలు పోయి కిటికీలు వచ్చాయి, పనిచేసే బల్లమీద ఎండ పడింది. ఫోర్డ్ హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీ, ఆ తర్వాత అమెరికాలో లేచిన సగం కర్మాగారాలు ఈ భవనానికి వారసులే. పెరిగి పెరిగి ప్యాకార్డ్ ఫ్యాక్టరీ 35 లక్షల చదరపు అడుగులైంది.

కార్లు కూడా అలాగే పెరిగాయి. 1903లో టామ్ ఫెచ్ అనే డ్రైవరు ఒక సిలిండరు ప్యాకార్డ్‌ను శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్‌కు 61 రోజుల్లో తోలుకొచ్చాడు. రోడ్లు లేని ఎడారుల్లో చక్రాల కింద గుడ్డలు పరుచుకుంటూ. 1915లో జెస్సీ విన్సెంట్ అనే ఇంజినీరు పన్నెండు సిలిండర్ల ట్విన్ సిక్స్ తయారుచేశాడు. అంత సాఫీగా నడిచే ఇంజిన్ అప్పటికి మామూలు దుకాణంలో దొరికే కారులో లేదు. రష్యా జార్ రెండో నికొలాయ్ ఒకటి తెప్పించుకుని, మంచులో నడవడానికి వెనక చక్రాల చోట పట్టాలు వేయించుకున్నాడు. 1921లో వారెన్ హార్డింగ్ అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేయడానికి ట్విన్ సిక్స్‌లో వెళ్లాడు. అంతకు ముందు ఏ అధ్యక్షుడూ ప్రమాణానికి కారులో వెళ్లలేదు. జార్‌ను కూల్చిన రాజ్యంలో స్టాలిన్ కూడా ప్యాకార్డులోనే తిరిగాడు. యుద్ధం తర్వాత సోవియట్ యూనియన్ తయారుచేసిన జిస్-110 కారును ముందు నుంచి చూస్తే 1942 ప్యాకార్డే కళ్లముందు నిలుస్తుంది. మన సంస్థానాధీశుల గ్యారేజీల్లోనూ ప్యాకార్డులు ఉండేవి.

దూరం నుంచి గుర్తుపట్టడానికి పేరు చదవక్కర్లేదు. రేడియేటర్ పైఅంచు ఎద్దు మెడమీద కాడిలా రెండు వైపులా వంగి ఉండేది. చక్రాల మధ్య ఎర్రని ఆరు పలకల బిళ్ల. మోడల్ ఏటా మారినా ఆ కాడి మారలేదు. ఇరవయ్యో దశకం చివర ఏడాదికి యాభై వేల దాకా అమ్మారు. అప్పట్లో పోటీ కారు క్యాడిలాక్ కొనేవాడు ప్యాకార్డ్ అందక కొన్నాడనుకునేవారు.

జేమ్స్ ప్యాకార్డ్ ఈ వైభవాన్ని దూరం నుంచే చూశాడు. అతని మనసు అప్పటికి గడియారాల మీదకు పోయింది. స్విట్జర్లాండ్‌లోని పతేక్ ఫిలిప్ చేత ఒకదాన్ని మించిన చిక్కైనది ఇంకొకటి చేయించుకున్నాడు. 1927లో వచ్చిన జేబు గడియారం వెనకవైపు ఆకాశపటం ఉంది. వారెన్‌లోని తన ఇంటి మీద రాత్రిపూట కనిపించే ఐదు వందల నక్షత్రాలు, కాలంతో పాటు తిరిగేలా. మరుసటి ఏడు మార్చిలో క్లీవ్‌లాండ్ ఆసుపత్రిలో పోయాడు. ఏ ఊరి నుంచి ఆ పాడుబండిని లాగించుకొచ్చాడో ఆ ఊళ్లోనే. అదృష్టవంతుడు. ఇంకొక్క ఏడాదిన్నర బతికితే 1929 అక్టోబరు చూసేవాడు.

షేర్ బజారు కూలింది. పెద్ద కారు కొనేవాడి డబ్బు పోవడం ఒక ఎత్తు, డబ్బున్నవాడికి పెద్ద కారులో తిరగడానికి సిగ్గేయడం ఇంకో ఎత్తు. రొట్టె కోసం జనం బారులు తీరిన వీధిలో పన్నెండు సిలిండర్ల కారు ఆపి దిగాలంటే గుండె కావాలి. ఖరీదైన కార్ల కంపెనీలు వరసగా రాలిపోయాయి. పియర్స్-యారో పోయింది, మార్మన్ పోయింది, డ్యూసెన్‌బర్గ్ పోయింది. ప్యాకార్డ్ 1932లో లైట్ ఎయిట్ అని ధర తగ్గించి ఒకటి తెచ్చింది, చేయడానికయ్యే ఖర్చు మాత్రం తగ్గలేదు. అమ్మిన ప్రతి కారుకూ నష్టమే. 1934కి ఏడాది అమ్మకాలు పది వేలకు కూడా చేరలేదు.

అప్పుడు చేసినదాన్ని ఇప్పటికీ తిట్టేవాళ్లున్నారు, మెచ్చుకునేవాళ్లున్నారు. జనరల్ మోటార్స్‌లో పనిచేసి, కార్లను వేలల్లో తయారుచేయడం తెలిసిన జార్జ్ క్రిస్టఫర్‌ను తెచ్చుకున్నారు. 1935 జనవరిలో వన్ ట్వంటీ వచ్చింది. ధర 980 డాలర్ల నుంచి. పెద్ద ప్యాకార్డుల ధరలో మూడో వంతు, నాలుగో వంతు. అదే కాడి, అదే ఎర్ర బిళ్ల. జనం ఎగబడ్డారు. తర్వాత ఇంకా చవగ్గా ఆరు సిలిండర్లది వచ్చింది. 1937లో ఉత్పత్తి 1,20,000 దాటింది. కంపెనీ బతికింది.

క్యాడిలాక్ కూడా ఆ రోజుల్లో చవక కారు అమ్మింది. దానికి లసాల్ అని వేరే పేరు పెట్టింది. ఇంటి పేరు ఇవ్వలేదు. పని తీరగానే 1940లో ఆ లసాల్‌ను పక్కన పెట్టేసింది, క్యాడిలాక్ పేరుకు మచ్చ అంటలేదు. ప్యాకార్డ్ ఇంటి పేరే పెట్టింది. దానితో బ్యాంకు మేనేజరూ అతని దగ్గర పనిచేసే గుమస్తా ఒకే పేరున్న కార్లు నడిపారు. అందువల్లే పరువు పోయిందని చాలామంది రాశారు. నేను అంత గట్టిగా అనను. వన్ ట్వంటీ మంచి కారు. కొన్నవాణ్ణి అడిగితే మంచిదనే చెప్పేవాడు. పేరు పలచబడింది నిజమే, కానీ పలచబడిన పేరుతో కంపెనీలు బతకగలవు. ప్యాకార్డ్ ప్రాణం పోయింది వేరే చోట. ఆ గాయం తగిలిన నాడు ఎవరూ గమనించలేదు.

1941లో క్లిప్పర్ వచ్చింది. పాదాలు పెట్టే మెట్టుపలకలు తలుపుల లోపలికి పోయాయి, ఒళ్లు వెడల్పయి రోడ్డుకు దగ్గరగా వంగింది. ప్యాకార్డ్ చేసిన అందమైన కార్లలో ఒకటి, నా దృష్టిలో చివరి అందమైనది. కాని దాని బాడీని ప్యాకార్డ్ చేయలేదు. డెట్రాయిట్‌లోనే ఉన్న బ్రిగ్స్ అనే కంపెనీ చేసింది. మనకంటే తక్కువ ఖర్చులో చేసిస్తామంటున్నారు కదా, ఇంజిన్లూ ఛాసిస్‌లూ చేయడం మన పని, రేకు వంచడం ఎవడు చేస్తే ఏం? అలా నలభై ఏళ్లుగా తన ఒళ్లు తానే చేసుకున్న ఇల్లు ఆ విద్యను బయటికి ఇచ్చేసింది. త్వరలో అన్ని ప్యాకార్డుల బాడీలూ బ్రిగ్స్ నుంచే రాసాగాయి. ఆ యంత్రాలు పెట్టిన చోట ఇంకేవో పెట్టుకున్నారు. చేసే చేతులు వేరే పనుల్లో కలిసిపోయాయి.

అప్పటికి యుద్ధం మీద పడింది కాబట్టి ఎవరికీ పట్టలేదు.

ప్యాకార్డ్ జీవితంలో గొప్ప పని ఒకటి చెప్పమంటే కారు పేరు చెప్పను. 1940లో బ్రిటన్‌కు విమానాల ఇంజిన్లు కావాలి. రోల్స్‌రాయిస్ చేసే మెర్లిన్ ఇంజిన్ అక్కడ కావలసినన్ని తయారవడం లేదు. మొదట ఫోర్డ్‌ను అడిగారు. హెన్రీ ఫోర్డ్ బ్రిటన్ కోసం చేయనని వెనక్కి తగ్గాడు. ప్యాకార్డ్ ఒప్పుకుంది. డ్రాయింగులు ఓడమీద వచ్చాయి. బ్రిటిష్ కొలతలు, బ్రిటిష్ మరలు. అమెరికాలో ఆ మరలు కోసే పనిముట్లే లేవు. ప్యాకార్డ్ మనుషులు డ్రాయింగులన్నీ తిరగరాశారు, ఆ పనిముట్లను తామే చేసుకున్నారు. మరల కొలత మాత్రం మార్చలేదు. ఇంగ్లండ్‌లో చేసిన ముక్క, డెట్రాయిట్‌లో చేసిన ముక్క ఒకదాని చోట ఒకటి సరిపోవాలి కదా. 1941 ఆగస్టులో మొదటివి తిరిగాయి. యుద్ధం అయ్యేలోపు 55,000కు పైగా మెర్లిన్లు ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్ నుంచి వెళ్లాయి. బెర్లిన్ దాకా వెళ్లి తిరిగొచ్చిన మస్టాంగ్ విమానాల ముక్కులో ఉన్నది ప్యాకార్డ్ మెర్లినే. పసిఫిక్ సముద్రంలో తిరిగిన పీటీ టార్పెడో పడవలకూ ఇంజిన్లు ఇక్కడివే.

ఆ ఫ్యాక్టరీలోనే ఇంకొకటీ జరిగింది. 1943 జూన్‌లో ముగ్గురు నల్లజాతి కార్మికులకు అసెంబ్లీ లైనులో పదోన్నతి ఇచ్చారని 25,000 మంది తెల్ల కార్మికులు పని వదిలి బయటికొచ్చారు. హిట్లర్ మీద యుద్ధానికి ఇంజిన్లు చేస్తున్న చేతులు, పక్కన నిలబడే మనిషి రంగు చూసి ఆగిపోయాయి. కొన్ని రోజులకు మళ్లీ పనిలోకి వచ్చారు. అదే నెల 20న డెట్రాయిట్ జాతి ఘర్షణలతో తగలబడింది. ప్యాకార్డ్ గురించి ప్రేమగా రాసేవాళ్లు చాలామంది ఈ పేజీ తిప్పేస్తారు. తిప్పకూడదు.

యుద్ధం అయ్యాక కంపెనీ చేతిలో డబ్బుంది, అప్పు లేదు. కారు పేరు చెబితే చాలు కొనే జనం ఉన్నారు. ఇల్లు చక్కబెట్టుకోవలసింది ఆ దీపం ఉండగానే. 1948లో కొత్త మోడల్ అన్నారు. నిజానికి పాత క్లిప్పర్ ఒంటిమీద అన్ని వైపులా రేకు నింపారు. వీధి వెంటనే పేరు పెట్టింది: కడుపుతో ఉన్న ఏనుగు. అప్పుడు ఏది చేసినా అమ్ముడుపోయే కాలం. 1949లో లక్ష దాటి అమ్మారు, కంపెనీ యాభయ్యో పుట్టినరోజు బంగారు రంగు కార్లతో చేసుకుంది. అల్ట్రామేటిక్ అనే ఆటోమేటిక్ గేరును ఎవరి సాయం లేకుండా సొంతంగా చేసుకుంది. జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ అనే పెద్ద మూడు కంపెనీలకు బయట ఉన్నవాళ్లలో అది చేయగలిగింది ప్యాకార్డ్ ఒక్కటే. కాని అదే ఏడాది క్యాడిలాక్ కొత్త వి-8 ఇంజిన్‌తో వచ్చింది. చిన్నది, తేలికైనది, బలమైనది. ప్యాకార్డ్ ఇంకా ఎనిమిది సిలిండర్లూ బారుగా ఒకే వరసలో ఉన్న పాత ఇంజిన్‌నే నమ్ముకుంది. ఆ ఇంజిన్ చప్పుడు లేకుండా నడిచేది, ఎన్నేళ్లయినా నడిచేది. కానీ కొనేవాడికి ఇప్పుడు నిశ్శబ్దం పాతకాలపు సంగతిలా వినిపించసాగింది. తన సొంత వి-8 రావడానికి ప్యాకార్డ్‌కు ఇంకా ఆరేళ్లు పట్టింది.

1952లో జేమ్స్ నాన్స్ అధ్యక్షుడిగా వచ్చాడు. హాట్‌పాయింట్‌లో ఫ్రిజ్‌లూ పొయ్యిలూ అమ్మి పేరు తెచ్చుకున్నవాడు. చురుకైనవాడు, నోరున్నవాడు. ఫ్రిజ్‌లు అమ్మినవాడికి కార్ల సంగతేం తెలుసని ఎద్దేవా చేసినవాళ్లున్నారు. కాని జబ్బు సరిగ్గా గుర్తించింది అతనే. చవక కార్లను క్లిప్పర్ అని విడదీసి ప్యాకార్డ్ పేరును మళ్లీ పైకి ఎత్తాలన్నాడు. క్యాడిలాక్ పాతికేళ్ల కిందటే లసాల్‌తో చేసిన పని. ఆలస్యమైంది. 1953లో ఫోర్డ్, జనరల్ మోటార్స్ ఒకరి మీద ఒకరు పంతానికి పోయి డీలర్ల గుమ్మాల్లో కార్లు గుమ్మరించి ధరలు విరగ్గొట్టుకున్నాయి. రెండు ఏనుగులు కొట్టుకుంటే నలిగేది గడ్డే. స్టూడ్‌బేకర్, నాష్, హడ్సన్, ప్యాకార్డ్, చిన్న కంపెనీలన్నీ ఒకేసారి ఊపిరాడక కొట్టుకున్నాయి. కొరియా యుద్ధం ముగియడంతో రక్షణ శాఖ ఆర్డర్లూ తగ్గిపోయాయి.

అప్పుడు పాత గాయం తెరుచుకుంది. బ్రిగ్స్ యజమాని వాల్టర్ బ్రిగ్స్ 1952లో చనిపోయాడు. వారసులు ఫ్యాక్టరీలు అమ్మకానికి పెట్టారు. 1953 చివర క్రైస్లర్ కొనేసింది. ఒక్క సంతకంతో ప్యాకార్డ్ బాడీలన్నీ పోటీదారు చేతిలో పడ్డాయి. మీ కార్లకు ఇక ఎక్కువ కాలం చేసివ్వలేమని క్రైస్లర్ చెప్పింది. అందులో దుర్మార్గమేమీ లేదు, ఎవరింటి పొయ్యి వాళ్లు వెలిగించుకుంటారు. ప్యాకార్డ్ ఇంట్లో ఆ పొయ్యి ఆరిపోయి పన్నెండేళ్లైంది.

సొంత ఫ్యాక్టరీ 35 లక్షల చదరపు అడుగులు. అందులోనే ఏదో ఒక మూల బాడీలు చేసుకుని ఉంటే ఎలా ఉండేదో. కాని నాన్స్‌కు అది పాతకాలపు అంతస్తుల కొంపలా కనిపించింది. కారు ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు లిఫ్టుల్లో ఎక్కి దిగాలి. అంతా ఒకే నేలమీద నడిచే ఆధునిక లైను కావాలన్నాడు. కానర్ అవెన్యూ మీద ఉన్న బ్రిగ్స్ వాళ్ల ప్లాంటునే క్రైస్లర్ దగ్గర లీజుకు తీసుకుని, 1955 మోడళ్ల కోసం బాడీల దగ్గర నుంచి చివరి బిగింపు దాకా అన్నీ అక్కడికి మార్చాడు. అది ఇరుకు. ఒక పక్క కొత్త చోటు, ఇంకో పక్క కొత్త ఇంజిన్, కొత్త సస్పెన్షన్. ఒకే ఏడాదిలో ఇన్ని కొత్తలు పెట్టుకోవడం ఒకే ముహూర్తానికి ఇంట్లో మూడు పెళ్లిళ్లు పెట్టుకున్నట్టు.

ఈ మార్పుల మధ్యే, 1954 అక్టోబరు 1న, ప్యాకార్డ్ స్టూడ్‌బేకర్‌తో కలిసిపోయింది. ఇండియానాలోని సౌత్ బెండ్‌లో 1852 నుంచి గుర్రపు బండ్లు చేసి కార్లలోకి వచ్చిన కుటుంబం. అసలు నాష్ అధినేత జార్జ్ మేసన్ మనసులో ఇంకా పెద్ద ఆలోచన ఉండేది. నాష్, హడ్సన్ ఒకటి, స్టూడ్‌బేకర్, ప్యాకార్డ్ ఒకటి, ఆ రెండూ కలిసి చివరికి నాలుగో పెద్ద కంపెనీ. అక్టోబరు 8న మేసన్ చనిపోయాడు. అతని కుర్చీలో కూర్చున్న జార్జ్ రామ్నీకి ఆ పెళ్లి మీద మనసు లేదు. స్టూడ్‌బేకర్ లెక్కలు విప్పి చూస్తే ఇంకో దెబ్బ. ఏడాదికి 1,65,000 కార్లు అమ్మితే నష్టం ఉండదని చెప్పారు. నిజంగా అమ్మవలసింది 2,82,000. అంతటి అమ్మకాలు వాళ్లకు కలలోనూ లేవు. పెళ్లికి ముందు అమ్మాయి జాతకం చూపించారు గానీ, అప్పుల చిట్టా చూపించలేదు. చూడవలసినవాళ్లు అడగనూ లేదు. ఈతరాని ఇద్దరు ఒకరినొకరు పట్టుకుని మునిగారు.

అయినా 1955 ప్యాకార్డ్‌ను చూస్తే ఇది చావబోయే కంపెనీ పని అనిపించదు. డిక్ టీగ్ అనే యువ డిజైనర్ పాత బాడీ మీదే చేయి తిప్పి కొత్త మనిషిని చేశాడు. వెనక దీపాలు చర్చి కిటికీల్లా నిలువుగా. బానెట్ కింద ఎట్టకేలకు వి-8. అన్నిటికంటే బిల్ ఆలిసన్ చేసిన సస్పెన్షన్ చెప్పుకోవాలి. స్ప్రింగుల బదులు కారు పొడుగునా పొడవాటి ఉక్కు కడ్డీలు, ముందు చక్రానికి గుంత తగిలితే ఆ ఊపు వెనక చక్రానికి పంచుకునేవి. డిక్కీలో బరువు పెట్టి కొన్ని సెకన్లు ఆగితే, చిన్న కరెంటు మోటారు కారును మళ్లీ సమంగా నిలబెట్టేది. రైలు పట్టాలు దాటుతూ కప్పులో కాఫీ తొణకకుండా వెళ్లగలిగే అమెరికన్ కారు అప్పుడు ఇంకొకటి లేదు.

ఇంత మంచి ఆలోచనలున్న కార్లు కానర్ ప్లాంటు నుంచి సగం సగం బిగింపుతో బయటికొచ్చాయి. తలుపులు సరిగా మూసుకునేవి కావు. వి-8లో ఆయిల్ పంపు గాలి పీల్చుకుని ఇంజిన్ టకటకమని కొట్టుకునేది. షోరూముకు వచ్చిన కారును డీలరు ముందు తన షెడ్డులో బాగుచేసి అప్పుడు అమ్మవలసి వచ్చేది. తర్వాతి ఏడాది బటన్లు నొక్కితే గేరు మారే ఏర్పాటు వచ్చింది, దాని తగాదాలు దానివి. కొన్నవాళ్లు ఉత్తరాలు రాశారు. యాభై ఏడేళ్ల కిందట వారెన్ నుంచి ఒకాయన వింటన్ దగ్గరకు ఏ మొహంతో వెళ్లాడో, ఇప్పుడు జనం అదే మొహంతో ప్యాకార్డ్ డీలర్ల దగ్గరకు వచ్చారు. కొన్నవాణ్ణి అడగండి అని కంపెనీ ఇంకా అంటూనే ఉంది. పక్కింటివాళ్లు అడిగారు. కొన్నవాడు చెప్పాడు.

1955లో 55,000 అమ్మితే, 1956లో అందులో సగం. బీమా కంపెనీల దగ్గర అప్పుకు వెళితే ఇవ్వలేదు. 1956 జూన్ 25న కానర్ అవెన్యూలో చివరి కారు బయటికొచ్చింది. డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ చేయడం ఆగిపోయింది. ఆగస్టులో కర్టిస్-రైట్ అనే విమాన ఇంజిన్ల కంపెనీ పగ్గాలు తీసుకుంది. నాన్స్ ఫోర్డ్‌కు వెళ్లాడు. అక్కడ అతని చేతికి వచ్చిన కొత్త కారు ఎడ్సెల్, అదీ మునిగింది. కొందరి జాతకాలు అలా ఉంటాయి.

వెళ్లడానికి చోటులేనివాళ్లు ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్ మనుషులు. తండ్రి చేసిన బల్ల దగ్గరే కొడుకు చేసినవాళ్లున్నారు. ప్యాకార్డ్ మూతబడ్డాక వాళ్లకు ఏమైందని పరిశోధకులు తిరిగి అడిగి, అమెరికా సెనేట్ కమిటీకి ఒక నివేదిక ఇచ్చారు. దాని పేరే చాలు: పని చేయడానికి ముసలివాళ్లు, రిటైరవడానికి పడుచువాళ్లు. మెర్లిన్ ఇంజిన్‌లో వెంట్రుకవాసి తేడా కనిపెట్టిన చేతులు, వయసెంత అనే ఒక్క ప్రశ్నకు ఫ్యాక్టరీల గేట్ల దగ్గర ఆగిపోయాయి.

ఇక్కడితో ఆగినా బాగుండేది. ఆగనివ్వలేదు. డీలర్లతో ఒప్పందాలున్నాయి, పేరు అమ్ముడుపోతుందేమోనన్న ఆశ ఉంది. సౌత్ బెండ్‌లో స్టూడ్‌బేకర్ కార్లకే ప్యాకార్డ్ దీపాలు, మెరుగు పట్టీలు తగిలించి 1957లో దించారు. జనం ఊరుకుంటారా, ప్యాకార్డ్‌బేకర్ అన్నారు. అమ్మినవి ఐదు వేల లోపే. 1958లో ఇంకా ఘోరం. ఒక్కొక్క దీపం చోట రెండేసి దీపాలు పట్టడానికి ఫైబర్‌గ్లాస్ తొడుగులు అతికించారు. హాక్ అనే మోడల్‌కు చేప నోరు తెరిచినట్టు ముందు భాగం. 588 హాక్‌లు. అన్నీ కలిపి 2,622. కాడి ఆకారం రేడియేటర్ ఎక్కడా లేదు. జులైలో అదీ ఆగిపోయింది. సంతాపసభ ఏమీ జరగలేదు. 1962లో కంపెనీ తన పేరులోంచి ప్యాకార్డ్ అనే మాట తీసేసి ఉత్త స్టూడ్‌బేకర్ అయింది. మరుసటి ఏడాది డిసెంబరులో సౌత్ బెండ్ ఫ్యాక్టరీ, 1966 మార్చిలో కెనడాలోని హామిల్టన్ ఫ్యాక్టరీ కూడా మూసేసింది.

ఒక్క వింత. అన్నదమ్ములు మొదట పెట్టుకున్న ప్యాకార్డ్ ఎలక్ట్రిక్, ఆ దీపాల కంపెనీ, కార్ల తీగలు చేసుకుంటూ 1932లో జనరల్ మోటార్స్ చేతికి వెళ్లింది. తర్వాత డెల్ఫీ అయింది, ఆ తర్వాత ఆప్టివ్.  ఇంటి పెద్దకొడుకును దత్తతకిస్తే వాడొక్కడే మిగిలినట్టు.

ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్ భవనాలు ఇంకో అరవై ఏళ్లు నిలబడ్డాయి. చిన్నచిన్న గోదాములు అద్దెకున్నాయి, ఒక్కొక్కటే ఖాళీ చేసి వెళ్లిపోయాయి. తర్వాత ఇనుము కోసుకుపోయేవాళ్లు, గోడలమీద బొమ్మలేసేవాళ్లు, తెల్లవార్లూ పాటలు పెట్టుకునే కుర్రవాళ్లు, శిథిలాల ఫొటోల కోసం విమానాలెక్కి వచ్చేవాళ్లు. డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్, కాంటన్ ఊళ్లలో కార్ల కంపెనీల్లో పనిచేస్తూ ఎందరో తెలుగువాళ్లు ఇళ్లు కట్టుకుని ఉన్నారు. నగరంలోకి పోతూ కొందరు ఆ కిటికీలు లేని కాంక్రీటు పంజరాన్ని చూసే ఉంటారు. 2013లో పన్ను బకాయిల వేలంలో ఫెర్నాండో పలజ్వేలో అనే వ్యాపారి 4,05,000 డాలర్లకు మొత్తం కొన్నాడు. బాగుచేస్తానన్నాడు, కాలేదు. 2019 జనవరిలో బులవార్డ్ మీదుగా రెండు వైపుల భవనాలను కలిపే వంతెన రోడ్డుమీద కూలింది. ఒకప్పుడు ఆ వంతెన మీద పెద్ద అక్షరాల్లో పేరుండేది. 2022 సెప్టెంబరులో నగరపాలక సంస్థ కూల్చివేత మొదలుపెట్టింది. గట్టిగా కట్టినవి కదా, రెండేళ్లకు పైగా పట్టింది.

జేమ్స్ ప్యాకార్డ్ పోయేముందు తాను చదివిన లీహై విశ్వవిద్యాలయానికి పది లక్షల డాలర్లు ఇచ్చాడు. ఆ డబ్బుతో కట్టిన ఇంజినీరింగ్ భవనం అతని పేరు మీదే ఉంది. గుమ్మం లోపల హాల్లో 1899 నాటి ఆ మొదటి కారు నిలబడి ఉంటుంది. ఒక్క సిలిండరు, గుర్రపు బండికుండేలాంటి సీటు, తిప్పడానికి కర్ర. పక్కనుంచే పిల్లలు పుస్తకాలు పట్టుకుని క్లాసులకు పోతుంటారు.